పచ్చ గళ్లు సరే... పని సంగతేంటి?

బీటెక్ మూడో ఏడాదిలో అడుగుపెట్టారంటే చాలు, ఏ కాలేజీ వాట్సాప్ గ్రూపులో చూసినా ఒకటే మాట... 'గిట్‌హబ్ ప్రొఫైల్ పచ్చగా ఉండాలి'. ఆ పేజీలో ఏడాదిలోని ప్రతి రోజుకీ ఒక చిన్న గడి ఉంటుంది కదా, ఆ రోజు కోడ్ చేరిస్తే అది పచ్చబడుతుంది. ఎక్కువ చేరిస్తే ఇంకాస్త ముదురు పచ్చ. ఇంటర్వ్యూ చేసేవాళ్లు ఆ పచ్చదనం చూసి మురిసిపోతారని సీనియర్లు చెప్తారు, జూనియర్లు నమ్ముతారు. నేను టెక్నాలజీ మీద బ్లాగు రాస్తుంటాను కాబట్టి 'అన్నా, నా ప్రొఫైల్ చూసి ఎలా ఉందో చెప్పవా' అంటూ మెయిళ్లు వస్తూనే ఉంటాయి.

చూస్తాను. చాలావాటిలో గళ్లు నిండుగా ఉంటాయి. లోపలికెళ్తే ఈ రోజు రీడ్‌మీ ఫైల్లో ఒక ఫుల్‌స్టాప్ పెట్టడం, రేపు దాన్ని తీసేయడం, ఎల్లుండి మళ్లీ పెట్టడం. ఇంకో సంగతి ఏంటంటే గిట్‌లో కమిట్ తేదీ మనమే ఇచ్చుకోవచ్చు. మూడేళ్ల కిందటి తేదీ వేసినా అది కాదనదు. గిట్‌హబ్ ఆ తేదీ చూసే గడికి రంగేస్తుంది. ఏడాది మొత్తాన్ని ఒక్క సాయంత్రంలో పచ్చగా మార్చేసే స్క్రిప్టులు ఉచితంగానే దొరుకుతాయి. గళ్లను పేర్చి తమ పేరు రాసుకున్నవాళ్లూ ఉన్నారు! ఈ కిటుకు మీకు తెలిసినట్టే ఎదురుగా కూర్చున్న ఇంజినీరుకీ తెలుసు. అందుకే ఆ పచ్చదనం విలువ ఎంతో మీరే లెక్కేసుకోండి.

ఒట్టి గళ్లతో ఆగిపోతే ఎవరికీ నష్టం లేదు. మన రెపో, మన ఇష్టం. అదే ఆట వేరేవాళ్ల ప్రాజెక్టుల్లోకి వెళ్లి ఆడినప్పుడే అసలు గొడవ.

టీషర్ట్ తెచ్చిన తంటా

డిజిటల్ ఓషన్ అనే క్లౌడ్ కంపెనీ 2014 నుంచి ఏటా అక్టోబర్‌లో 'హ్యాక్టోబర్‌ఫెస్ట్' నడుపుతోంది. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు కొత్తవాళ్లను అలవాటు చేయాలన్నది ఆలోచన. నెలలో నాలుగు పుల్ రిక్వెస్టులు పంపితే ఒక టీషర్ట్ ఇంటికొచ్చేది. పుల్ రిక్వెస్ట్ అంటే 'మీ కోడ్‌లో ఈ మార్పు చేశాను, బాగుంటే కలుపుకోండి' అని ఆ ప్రాజెక్టును చూసుకునేవాళ్లకు (వాళ్లనే మెయింటెయినర్లు అంటారు) పంపే విన్నపం.

2020లో ఏమైందంటే, మన దేశంలోని ఒక యూట్యూబ్ వీడియో పుల్ రిక్వెస్ట్ ఎంత తేలికో చూపించింది. ఏదో ఒక ప్రాజెక్టు రీడ్‌మీ ఫైల్ తెరిచి, 'అద్భుతమైన ప్రాజెక్ట్' లాంటి ఒక ముక్క చేర్చి పంపేయడమే. చూసినవాళ్లలో చాలామంది అదే ముక్కను అలాగే దించేశారు. అక్టోబర్ మొదటి రెండు మూడు రోజుల్లోనే ప్రపంచంలోని పేరున్న ప్రాజెక్టులన్నింటికీ ఇలాంటి చెత్త వరదలా వచ్చిపడింది. నిర్వాహకులు పోటీ మధ్యలోనే నిబంధనలు మార్చాల్సి వచ్చింది. పాల్గొంటామని ముందుకొచ్చిన ప్రాజెక్టులకు పంపితేనే లెక్కలోకి తీసుకుంటామన్నారు. 2023కి వచ్చేసరికి టీషర్టే ఎత్తేశారు.

బుద్ధొచ్చిందా అంటే లేదు. 2024 మొదట్లో ఎక్స్‌ప్రెస్ వంతు వచ్చింది. నోడ్‌లో సర్వర్ రాసే ప్రతి ఒక్కరూ ఏదో ఒకరోజు వాడే ఫ్రేమ్‌వర్క్ అది. ఈసారి కూడా మూలం మన దేశంలోని ఒక ట్యుటోరియల్ వీడియోనే. పాఠం చెప్పేవాళ్లు ఉదాహరణకని ఎక్స్‌ప్రెస్ రీడ్‌మీ తెరిచి చూపించారు. చూసిన పిల్లలు నిజంగానే వెళ్లి అందులో తమ పేరు, కాలేజీ పేరు చేర్చి పంపారు. ఒకరిద్దరైతే నవ్వి ఊరుకునేవాళ్లు. ఒకటి మూసేసే లోపు ఇంకొకటి వచ్చేది. ఆ రెపోను ఫాలో అవుతున్న ప్రతి ఇంజినీరుకీ ప్రతిసారీ ఒక మెయిల్ వెళ్తుంది.

ఇందులో ఆ పిల్లలది దురుద్దేశం అనలేను. పాఠంలో ఏది నొక్కమంటే అది నొక్కారు. కానీ ఇటు మనం ఒక బటన్ నొక్కితే అటు ఎవరో ఒకరు తెరిచి, చదివి, మూసేయాలి. ఆ చేసేవాళ్లలో చాలామందికి జీతం లేదు. ఆఫీసు అయ్యాక, పిల్లల్ని పడుకోబెట్టాక కూర్చుని చేసే పని అది. ఈ రెండు సందర్భాల్లోనూ ఆన్‌లైన్లో మన దేశం మీద వచ్చిన మాటలు కొన్ని మర్యాద దాటి జాతి విద్వేషం దాకా వెళ్లాయి. అది ముమ్మాటికీ తప్పే. అయినా దాని బరువు ఎవరి మీద పడుతుంది? ఎక్కడో కరీంనగర్‌లోనో కాకినాడలోనో కూర్చుని నిజంగా ఒక బగ్ సరిచేసి మొదటిసారి పంపుతున్న అమ్మాయి మీద. ఆమె పేరు చూడగానే 'ఇదీ అలాంటిదేనేమో' అన్న విసుగు అవతల సిద్ధంగా ఉంటుంది.

అర సెకను అనుమానం

ఆ విసుగుకు తోడు భయం కూడా ఎందుకు చేరిందో తెలియాలంటే 2024 మార్చి నాటి 'ఎక్స్‌జెడ్' కథ వినాలి. ఇది ప్రతి కంప్యూటర్ సైన్స్ విద్యార్థీ తెలుసుకోవాల్సిన కథ. సిలబస్‌లో ఎందుకు పెట్టరో నాకర్థం కాదు.

ఎక్స్‌జెడ్ అనేది ఫైళ్లను కుదించే ఒక చిన్న సాఫ్ట్‌వేర్. దాదాపు ప్రతి లైనక్స్‌లోనూ ఉంటుంది. లాస్సె కొల్లిన్ అనే ఆయన ఏళ్ల తరబడి దాదాపు ఒక్కడే దాన్ని చూసుకుంటూ వచ్చారు. జీతం లేని పని. 2021లో 'జియా టాన్' పేరుతో ఒక ఖాతా వచ్చి చిన్నచిన్న మార్పులు పంపడం మొదలుపెట్టింది. అన్నీ పనికొచ్చే మార్పులే. 2022లో మరికొన్ని పేర్లు రంగంలోకి దిగాయి. అందులో ఒకటి 'జిగర్ కుమార్'. మార్పులు ఆలస్యమవుతున్నాయని, కొత్త మెయింటెయినర్‌ను పెట్టాలని మెయిలింగ్ లిస్టులో కొల్లిన్ మీద ఒత్తిడి తెచ్చాయి. తన మానసిక ఆరోగ్యం బాగాలేదని, ఇది జీతం లేకుండా ఇష్టంతో చేస్తున్న పని అని ఆయన అక్కడే చెప్పుకొన్నారు. చివరికి జియా టాన్‌కు బాధ్యతలు దక్కాయి. 2024 ఫిబ్రవరిలో వచ్చిన 5.6.0 వెర్షన్‌లో, ఆ తర్వాతి 5.6.1లో ఒక దొంగ తలుపు దాగి ఉంది. దాని తాళం ఉన్నవాడు ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా సర్వర్లలోకి నేరుగా దూరిపోవచ్చు. ఆ జిగర్ కుమార్, అలాంటి మిగతా పేర్లు అసలు మనుషులే కావని, ఒత్తిడి కోసం సృష్టించిన ఖాతాలని తర్వాత పరిశీలించినవాళ్లు అనుమానించారు. జియా టాన్ వెనుక ఎవరున్నారన్నది నేటికీ బయటపడలేదు.

పట్టుకున్నదెవరు? మైక్రోసాఫ్ట్‌లో పనిచేస్తూ పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌ను అభివృద్ధి చేసే ఆండ్రెస్ ఫ్రాయిండ్. ఆయన సెక్యూరిటీ నిపుణుడు కాదు. డేటాబేస్ వేగం కొలుస్తుంటే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్లు ప్రాసెసర్‌ను మామూలు కంటే ఎక్కువ తినేస్తున్నట్టు కనిపించింది. లాగిన్‌కు అర సెకను అదనంగా పడుతోంది. మనలో ఎవరైనా అయితే 'నెట్ స్లోగా ఉంది' అనుకుని టీ తాగడానికి వెళ్లేవాళ్లం. ఆయన తవ్వుకుంటూ వెళ్లారు. మార్చి 29న సెక్యూరిటీ మెయిలింగ్ లిస్టుకు ఒక మెయిల్ పంపారు. ప్రధాన లైనక్స్ పంపిణీల స్థిరమైన వెర్షన్లలోకి చేరకముందే దొంగ దొరికాడు.

వీలైతే ఆ మెయిల్ వెతికి చదవండి. ఇంగ్లిష్ కష్టమేమీ కాదు. ఏ లక్షణం కనిపించింది, ఏ సిస్టమ్‌లో, ముందు ఎంత సమయం పట్టేది, ఇప్పుడు ఎంత పడుతోంది, ఏ ఫైల్లో ఏముంది అన్నీ వరుసగా ఉంటాయి. తాను ఏది పరిశీలించలేదో, తనకు ఏ రంగంలో అనుభవం లేదో కూడా దాచకుండా రాశారు. ఒక ఇంజినీరు ఎలా ఆలోచిస్తాడో చూపించమంటే నేను పచ్చ గళ్లున్న ఏ ప్రొఫైల్‌నీ చూపించను, ఆ మెయిల్‌నే చూపిస్తాను.

'సర్, స్మాల్ డౌట్'

మన దగ్గర ఎక్కువమంది జారిపడేది కోడ్ దగ్గర కాదు, ప్రశ్న అడిగే దగ్గర. 'డౌట్' అనే మాటే తీసుకోండి. మనకు డౌట్ అంటే ప్రశ్న. బయటి దేశాలవాళ్లకు అది అనుమానం. 'ఐ హ్యావ్ ఎ డౌట్ ఇన్ యువర్ కోడ్' అని రాస్తే అవతలివాళ్లు 'నా కోడ్ మీద నీకు నమ్మకం లేదా?' అనుకోవచ్చు. 'క్వశ్చన్' అనండి, సరిపోతుంది. 'సర్' కూడా అంతే. పెద్దవాళ్లను పేరు పెట్టి పిలవడం మనకు నోరు తిరగని పని, తెలుసు. కానీ ఆ లోకంలో అందరూ పేరుతోనే పిలుచుకుంటారు. పైగా అవతల ఉన్నది ఆడో మగో తెలియకుండా 'సర్' అంటే నవ్వులపాలవుతాం.

ఇక అలవాట్లు. 'హాయ్' అని పెట్టి జవాబు కోసం కూర్చోవడం. ల్యాప్‌టాప్ స్క్రీన్‌ను ఫోన్‌తో ఫొటో తీసి, అది కూడా అడ్డంగా తిరిగి ఉన్నది పంపడం. అందరూ చూసే చోట అడగకుండా ఒకరి ఇన్‌బాక్స్‌లోకి వెళ్లి 'అర్జెంట్, ప్లీజ్' అనడం. అమీర్‌పేట కోచింగ్ క్లాసులో రెండొందల మంది మధ్య చెయ్యెత్తడానికి మొహమాటపడి, క్లాసయ్యాక సర్ వెనకాలే మెట్లు దిగుతూ అడిగే అలవాటు మనది. అదే ఆన్‌లైన్లోకీ వచ్చేసింది. అందరి ముందు అడిగితే తెలివితక్కువవాళ్లం అనుకుంటారని భయం. నిజానికి అందరి ముందు అడిగితేనే పది మందిలో ఒకరైనా చెప్పే వీలుంటుంది, అదే ఇబ్బంది తర్వాత వచ్చినవాళ్లకూ పనికొస్తుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. 'పైథాన్ పనిచేయట్లేదు, హెల్ప్ మీ' అని అడిగితే ఎవరు మాత్రం ఏం చెప్తారు? దాన్నే ఇలా రాస్తే: 'విండోస్ 11, పైథాన్ 3.12. పిప్‌తో పాండాస్ ఇన్‌స్టాల్ చేశాను, అయినట్టే చూపించింది. టెర్మినల్‌లో రన్ చేస్తే నడుస్తోంది. వీఎస్ కోడ్‌లో బటన్ నొక్కితే మాత్రం మాడ్యూల్ దొరకలేదంటోంది. ఎర్రర్ మొత్తం కింద ఇచ్చాను.' ఇందులో జవాబు సగం బయటపడిపోయింది. టెర్మినల్ ఒక పైథాన్‌ను, వీఎస్ కోడ్ ఇంకో పైథాన్‌ను వాడుతున్నాయని చదివినవాళ్లకు పది సెకన్లలో తెలిసిపోతుంది. ఇంకా చెప్పాలంటే, ఇంత వివరంగా రాస్తుంటే మీకే తట్టేస్తుంది, పోస్ట్ చేయాల్సిన అవసరమే రాదు.

అడిగించుకునేవాళ్లంతా మహానుభావులని కాదు. స్టాక్ ఓవర్‌ఫ్లో 2008లో మొదలైంది. కొత్తవాళ్ల ప్రశ్నలను టకటకా మూసేయడం, ఈసడించడం అక్కడ మామూలైపోయి, 2018లో ఆ సంస్థే 'మేం కొత్తవాళ్లను సరిగా ఆదరించడం లేదు' అని బాహాటంగా రాసుకోవాల్సి వచ్చింది. లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ మెయిళ్లలో తిట్లకు పెట్టింది పేరు. ఆయనా అదే ఏడాది క్షమాపణ చెప్పి కొన్ని వారాలు పక్కకు తప్పుకున్నారు. 'ప్రశ్న బాగోకపోతే తిట్లు తినాల్సిందే' అనే పాత సంప్రదాయం నాకు ఎప్పుడూ నచ్చలేదు. మూసేసిన ప్రశ్న కింద 'ఇది ఇప్పటికే అడిగారు' అని లింకు ఇస్తారు చూడండి, అది మాత్రం ఓపిగ్గా చదవండి. చాలాసార్లు జవాబు అక్కడే ఉంటుంది.

ఇప్పుడు ఎవరినీ అడగనక్కర్లేదు, చాట్‌జీపీటీ ఉందిగా అంటారా? నిజమే, స్టాక్ ఓవర్‌ఫ్లోలో ప్రశ్నలు బాగా తగ్గిపోయాయి. అడుక్కోవాల్సిన అవసరం, తిట్లు తినే బాధ తగ్గడం మంచిదే. దాంతో కోడ్ అర్థం చేసుకోండి, ఇంగ్లిష్ సరిచేయించుకోండి, తప్పేం లేదు. అది రాసిచ్చింది చదవకుండా మన పేరుతో పంపడమే చిక్కు. 2022 డిసెంబర్‌లోనే స్టాక్ ఓవర్‌ఫ్లో చాట్‌జీపీటీ జవాబులను నిషేధించింది. చూడ్డానికి సరిగ్గానే కనిపిస్తాయి, తప్పులు మాత్రం లోపల ఉంటాయి. కర్ల్ అనే టూల్‌ను నడిపే డేనియల్ స్టెన్‌బర్గ్ అయితే 2024 జనవరిలోనే ఈ బెడద గురించి రాశారు. లేని సెక్యూరిటీ లోపాలను ఏఐతో అందంగా అల్లి, బహుమతి డబ్బు కోసం పంపేవాళ్లు ఎక్కువైపోయారట. ఒక అబద్ధపు రిపోర్టు రాయడానికి నిమిషం చాలు. అది అబద్ధమని తేల్చడానికి గంటలు పడుతుంది.

తెలుగు మనకు అడ్డం కాదు, ఆధారం

2018 ఫిబ్రవరి గుర్తుందా? ఒకే ఒక్క తెలుగు అక్షరం ఐఫోన్లను కుప్పకూల్చింది. 'జ్ఞా' లాంటిది ఒకటి మెసేజ్‌లో వస్తే చాలు, యాప్ మూసుకుపోయేది. అందరూ దాన్ని ఆకతాయితనంగా పంపుకొన్నారు. అప్పట్లో మొజిల్లాలో పనిచేసే ఒక ఇంజినీర్ మాత్రం అసలు ఏ అక్షరాల వరుసకు అలా అవుతోందో ఓపిగ్గా తేల్చారు. హల్లు, పొల్లు, ఇంకో హల్లు, తర్వాత కంటికి కనిపించని ఒక విడదీసే గుర్తు, ఆపైన అచ్చు గుణింతం... తెలుగులోనే కాదు, దేవనాగరిలో, బెంగాలీలో కూడా కొన్ని వరుసలకు అదే జరుగుతోందని చూపించారు. ఆపిల్ అదే నెలలో 11.2.6 అప్‌డేట్‌తో సరిచేసింది.

దీన్ని అర్థం చేసుకోవడానికి మనకు ఎంత సేపు పడుతుంది? ఒత్తు ఏంటో, గుణింతం ఏంటో ఒకటో తరగతి నుంచి తెలుసు. కాలిఫోర్నియాలో కూర్చున్న ఇంజినీరుకు అది నెల రోజుల పాఠం. ఇలాంటివి ఇంకా చాలా ఉన్నాయి. తెలుగు పీడీఎఫ్ నుంచి ఒక పేరా కాపీ చేసి చూడండి, చాలాసార్లు పిచ్చి గీతలు వస్తాయి. డీటీపీ సెంటర్లలో ఏళ్లుగా వాడుతున్న అను లాంటి పాత ఫాంట్లు యూనికోడ్‌వి కాకపోవడం ఒక కారణం. ఏదో ఒక యాప్‌లో ఒత్తు విడిపోయి పక్కన పడటం, వెతికితే తెలుగు పేరు దొరక్కపోవడం మనం రోజూ చూసేవే. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఆండ్రాయిడ్, లిబ్రెఆఫీస్ అన్నీ అక్షరాలను పేర్చడానికి వాడేది హార్ఫ్‌బజ్ అనే ఓపెన్ సోర్స్ ఇంజినే. ఫైర్‌ఫాక్స్ తెలుగు అనువాదం పాంటూన్ అనే వెబ్ టూల్‌లో ఎవరైనా చేయొచ్చు. 2003 డిసెంబర్‌లో మొదలైన తెలుగు వికీపీడియాకు వ్యాసాలు రాసేవాళ్లే కాదు, బాట్లు, టెంప్లేట్లు రాసేవాళ్లూ కావాలి. హైదరాబాద్‌లో స్వేచ్ఛ లాంటి సంస్థలు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీద ఏళ్లుగా పనిచేస్తున్నాయి. వేల మంది పోటీపడే ఎక్స్‌ప్రెస్ రీడ్‌మీ దగ్గర క్యూ కట్టడం కంటే ఇక్కడ జనం తక్కువ, పని ఎక్కువ.

మరి ఉద్యోగం వస్తుందా అంటే... ఒక మాట నిక్కచ్చిగా చెప్పుకోవాలి. పెద్ద సర్వీస్ కంపెనీలు క్యాంపస్‌లో వందల మందిని తీసుకునేటప్పుడు ఎవరి గిట్‌హబ్ తెరవరు. యాప్టిట్యూడ్ టెస్టు, కోడింగ్ రౌండ్, హెచ్ఆర్, అంతే. వాటికి చదవాల్సింది చదవాల్సిందే. పార్ట్‌టైమ్ పని చేసుకుంటూ, రోజుకు మూడు గంటలు బస్సులో తిరుగుతూ చదివేవాళ్లను 'ఓపెన్ సోర్స్ చెయ్యలేదేం?' అని అడగడం కూడా న్యాయం కాదు. ఉపయోగం ఎక్కడంటే చిన్న ప్రొడక్ట్ కంపెనీల్లో, స్టార్టప్‌లలో, రిమోట్ ఉద్యోగాల్లో. అక్కడ ప్రొఫైల్ తెరిచే ఇంజినీరు గళ్లు లెక్కపెట్టడు. ఒక పుల్ రిక్వెస్ట్ మీద నొక్కి, కింద జరిగిన సంభాషణ చదువుతాడు. 'ఈ మార్పు ఎందుకు?' అని అడిగితే మీరేం చెప్పారు, తప్పు చూపిస్తే ఎలా తీసుకున్నారు, టెస్ట్ రాశారా లేదా... ఈ పిల్లాడితో రోజూ కలిసి పనిచేయగలనా అన్నది ఆ పది లైన్లలోనే తెలిసిపోతుంది.

గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ కూడా ఇలాంటిదే. 2005 నుంచి నడుస్తోంది. 2022 నుంచి విద్యార్థులే కానక్కర్లేదు, పద్దెనిమిదేళ్లు నిండి ఓపెన్ సోర్స్‌కు కొత్తవాళ్లయితే చాలు. స్టైపెండ్ ఇస్తారు. ప్రపోజల్ గడువుకు వారం ముందు మేల్కొంటే లాభం లేదు. కొన్ని నెలల ముందే ఒక ప్రాజెక్టు పట్టుకుని, నాలుగు బగ్గులు సరిచేసి, అక్కడివాళ్లకు మీ పేరు తెలిసేలా ఉంటే అవకాశం మెరుగు.

మొదలుపెట్టడానికి మీరు రోజూ వాడే సాఫ్ట్‌వేర్‌నే ఎంచుకోండి. దాన్ని మీ ల్యాప్‌టాప్‌లో బిల్డ్ చేయండి. సగం మంది ఇక్కడే ఆగిపోతారు. ఆగిపోతే మంచిదే, ఇన్‌స్టాలేషన్ సూచనల్లో ఏ మెట్టు తప్పుందో మీకు దొరికినట్టే, మొదటి రిపోర్టు అదే అవుతుంది. కాంట్రిబ్యూటింగ్ అనే ఫైల్ ఉంటే పూర్తిగా చదవండి. 'గుడ్ ఫస్ట్ ఇష్యూ' అని గుర్తు పెట్టిన వాటిలో, ఇంకెవరూ చేస్తున్నట్టు రాయనిది ఒకటి తీసుకోండి. 'నాకు అసైన్ చేయండి' అని పది చోట్ల కామెంట్ పెట్టి మాయమవకండి. అలాంటివాళ్ల వల్ల ఆ పని నెలల తరబడి అలాగే ఉండిపోతుంది.

పంపాక జవాబు వెంటనే రాదు. వారం చూడండి, రెండు వారాలు చూడండి. అప్పటికీ ఉలుకూ పలుకూ లేకపోతే అదే పేజీలో ఒక్క లైన్ రాయండి, 'ఇందులో నేను మార్చాల్సింది ఏమైనా ఉందా?' అని. ట్విటర్‌లో ట్యాగ్ చేయడం, లింక్డ్‌ఇన్‌లో వెంటపడటం వద్దు. నెల దాటినా రాకపోతే ఇంకో ప్రాజెక్టు చూసుకోండి. మీ ఫోర్క్‌లో ఆ కోడ్ ఎక్కడికీ పోదు. ఇంటర్వ్యూలో తెరిచి, ఏ బగ్ కోసం రాశారో, ఎలా పట్టుకున్నారో చూపించడానికి అది చాలు.